486 బోర్డులో ఉత్తుత్తి క్యాష్ పీకేసి అసలుది పెట్టుకోవడం

బెంగళూరు ఎస్పీ రోడ్డు సందుల్లోనో, ఆదివారాలు బీవీకే అయ్యంగార్ రోడ్డు దగ్గర పరిచే సెకండ్ హ్యాండ్ సామాన్లలోనో 486 (1990ల నాటి పీసీల సీపీయూ) మదర్‌బోర్డు కంటపడితే, బేరానికి దిగేముందు సీపీయూ సాకెట్ పక్కన వరసగా ఉండే క్యాష్ చిప్స్ (సీపీయూ మాటిమాటికీ వాడే డేటాని దగ్గర ఉంచే వేగమైన మెమరీ) వంక ఒకసారి చూడండి. కంపెనీ గుర్తు, పార్ట్ నంబరు, స్పీడు ఏమీ లేకుండా ‘రైట్ బ్యాక్’ అని మాత్రమే అచ్చేసి ఉందా? అయితే అవి చిప్స్ కావు, కాళ్ళున్న ప్లాస్టిక్ ముక్కలు. 1995 ప్రాంతంలో ఎస్‌ర్యామ్ (క్యాష్‌కి వాడే మెమరీ చిప్స్) ఖర్చు మిగుల్చుకోవడానికి కొన్ని బోర్డుల మీద ఇలాంటివి అతికించి అమ్మేశారు. పైన పటారం, లోన లొటారం. బయాస్ (మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) కూడా ఈ మోసంలో భాగస్వామే, క్యాష్ ఉన్నా లేకపోయినా బూట్ అయ్యేటప్పుడు 256 కేబీ అని దర్జాగా చూపిస్తుంది, కాబట్టి ఆ స్క్రీన్ని నమ్మొద్దు.

డాస్‌ని ఏ డ్రైవర్లూ లేకుండా బూట్ చేసి క్యాష్‌చెక్ (మెమరీ స్పీడు కొలిచే ప్రోగ్రాం) నడపండి. క్యాష్ నిజంగా ఉంటే స్పీడు మూడు మెట్లుగా దిగుతుంది: 8 కేబీ దాకా సీపీయూ లోపలి క్యాష్ (ఇంటెల్ డీఎక్స్4లో 16), తర్వాత 256 దాకా బోర్డు మీది క్యాష్, ఆపైన ర్యామ్. మధ్య మెట్టు లేకుండా నేరుగా ర్యామ్ స్పీడుకి పడిపోతే విషయం అర్థమైనట్టే.

వెంటనే సోల్డరింగ్ ఐరన్ తీయకండి. కొన్ని బోర్డుల్లో చిప్సే కాదు, వాటికి వెళ్ళాల్సిన ట్రాకులు కూడా ఉత్తుత్తివే, అలాంటిదాని మీద ఎంత కష్టపడ్డా బూడిదలో పోసిన పన్నీరే. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టండి. 28 కాళ్ళ 32కే×8 (32 కేబీ పట్టే) చిప్‌లో 14 గ్రౌండ్, 28 ఐదు వోల్టులు, 10 అడ్రస్ లైను, 11 డేటా లైను. ఒకే బ్యాంకులోని (కలిసి పనిచేసే జట్టులోని) నాలుగు చిప్స్ 10వ కాళ్ళు ఒకదానితో ఒకటి మోగాలి, ప్రతి చిప్ 11వ కాలు సీపీయూ సాకెట్లో ఏదో ఒక డేటా పిన్‌తో మోగాలి. మోగకపోతే ఆ బోర్డుని అలాగే వాడుకోండి, లేదా షోకేసులో పెట్టండి.

మోగిందా, ఇక పీకుడే. ఉత్తుత్తి చిప్స్‌ని కాపాడాల్సిన పని లేదు కాబట్టి చిన్న కట్టర్‌తో కాళ్ళన్నీ ఒంటికి దగ్గరగా కత్తిరించేసి, మిగిలిన మొండి కాళ్ళని ఐరన్‌తో వేడిచేస్తూ ఒక్కోటీ లాగేయండి. 26 కాళ్ళు బుద్ధిగా వస్తాయి, 14, 28 మాత్రం మొండికేస్తాయి, ఎందుకంటే అవి బోర్డు లోపలి రాగి పొరకి అతుక్కుని వేడంతా దానికి ధారపోస్తుంటాయి. అక్కడ కొత్త 60/40 సోల్డర్ (తగరం, సీసం కలిపింది) కాస్త ఎక్కువే పోసి, వేడి పెంచి, ఓపిగ్గా ఆగండి. బలంగా లాగితే హోల్ లోపలి పూత కూడా ఊడొస్తుంది, తర్వాత జంపర్ వైర్లతో తంటాలు పడాలి. హోల్స్‌ని సోల్డర్ లాగే పంప్‌తో శుభ్రం చేసి, 0.3 అంగుళాల సన్న సాకెట్లు వేయండి. వెడల్పువి అడక్కుండానే చేతిలో పెడతారు, కొలిచి తీసుకోండి. పక్కనే 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్లకి ఖాళీ హోల్స్ కనిపిస్తే అవీ నింపండి, వాటి దగ్గరా పిసినారితనం చేసి ఉంటారు.

256 కేబీకి 32కే×8 చిప్స్ ఎనిమిది, ట్యాగ్‌కి (క్యాష్‌లో ఉన్నది ర్యామ్‌లో ఏ చోటిదో గుర్తుంచుకునే చిప్) ఇంకొకటి. 33 మెగాహెర్ట్జ్ బస్సుకి (సీపీయూకి, మెమరీకి మధ్య దారి) 20 నానోసెకన్ల చిప్స్ చాలు, 40 అయితే 15 తీసుకోండి. డబ్ల్యూ24257ఏకే-15, యూఎం61256ఎఫ్‌కే-15 లాంటి పేర్లు వెతకండి. ఇక్కడా నకిలీల బెడద ఉంది, నెమ్మది చిప్ మీద పేరు చెరిపి 15 అని అచ్చేసి అంటగడతారు. అసిటోన్ అద్దిన దూదితో రుద్దితే నల్లరంగు అంటుకుంటే అనుమానించాల్సిందే. టీఎల్866 ప్రోగ్రామర్ ఎస్‌ర్యామ్ టెస్టు చిప్ బతికుందో లేదో చెప్తుంది గానీ స్పీడు చెప్పదు.

బోర్డు మీది జంపర్లు (సెట్టింగులు మార్చే చిన్న పిన్నులు) 256కి మార్చండి. ఆ మాయదారి బయాస్‌ని ముందు కాపీ చేసుకుని, మీ బోర్డు వెర్షన్‌దే నిజాయితీ బయాస్ దొరికితే కొత్త ఈప్రామ్‌లోకి (బయాస్ ఉండే చిప్) రాయండి. మొదటిసారి బయాస్ సెటప్‌లో క్యాష్ టైమింగ్ 3-2-2-2 (నెమ్మదైనది), రైట్ త్రూ (రాసింది క్యాష్‌తో పాటు ర్యామ్‌కీ వెంటనే వెళ్ళే పద్ధతి) పెట్టి బూట్ చేయండి, క్యాష్‌చెక్‌లో మధ్య మెట్టు కనిపించాక వేగమైన 2-1-1-1 ప్రయత్నించండి, మెమ్‌టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి రండి.

ర్యామ్ దండిగా వేసేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 8 బిట్ల ట్యాగ్‌తో 256 కేబీ క్యాష్ 64 ఎంబీ దాకానే పనిచేస్తుంది, రైట్ బ్యాక్ (ర్యామ్‌కి తర్వాత రాసే పద్ధతి) కోసం అందులో ఒక బిట్‌ని డర్టీ బిట్‌కి (ఇంకా ర్యామ్‌కి రాయలేదనే గుర్తు) ఇచ్చేస్తే 32కి పడిపోతుంది. విండోస్ 95 ర్యామ్‌ని పైనుంచి కిందకి వాడుతుంది, అందుకే హద్దు దాటి ర్యామ్ వేస్తే మెషీన్ ముందుకన్నా నెమ్మదిస్తుంది. 64 ఎంబీ పెట్టాలంటే రైట్ త్రూలోనే ఉంచేయండి.