జీవితచరిత్ర వ్యాసం ఇలా నిలబడింది

వికీపీడియాలో ఒక రంగస్థల నటుడి గురించి రాద్దామంటే చేతిలో ఉన్నవి ఆయన వెబ్‌సైటు, ఒక ఇంటర్వ్యూ. రెండూ ఆయన సొంత మాటలే. విషయ ప్రాముఖ్యతకు, అంటే వికీలో వ్యాసం ఉండదగినంత గుర్తింపు ఆయనకు ఉందని చూపడానికి, అవి లెక్కలోకి రావు. అందుకే రాయడం ఆపి మూలాల వేటలో పడ్డాను. ఆయనతో సంబంధం లేనివాళ్లు కాస్త విస్తారంగా రాసిన పత్రికా వ్యాసాలు దొరికాయి. అప్పుడు ప్రయోగశాలలో (వికీలో చిత్తు రాసుకునే పేజీలో) ఒక్కో వాక్యం రాసి, పక్కనే రెఫ్ ట్యాగుతో (మూలాన్ని చూపే కోడ్‌తో) మూలం తగిలించాను. 'మహానటుడు', 'నటచక్రవర్తి' తీసేసి అవార్డు పేరు, సంవత్సరం పెట్టాను. (విశేషణాలు కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది, నిజమే.) బతికున్న మనిషి కాబట్టి మూలం లేని వివాదాన్ని ముట్టుకోలేదు. సమాచారపెట్టె (ముఖ్య వివరాల పట్టిక), వర్గాలు చివర్లో చేర్చాను. ప్రధానబరికి (పాఠకులు చూసే వ్యాసాలుండే చోటికి) తరలించాక ఒక సీనియర్ వాడుకరి చర్చాపేజీలో పుట్టినతేదీకి మూలం అడిగారు. దొరకలేదు, తేదీ తీసేశాను.