మేనేజ్‌మెంట్ సరిగ్గా లేని కంపెనీలో నెట్టుకురావడం ఎలా

మాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ. నేను విజయనగరం తోటపాలెంలో ఇంటి నుంచే పనిచేస్తాను. ఇంట్లో ఉంటే ఖాళీ అనుకునేది మా వీధివాళ్లే కాదు, మేనేజర్ కూడా. ఆయన్ని మార్చడం మన వల్ల అయ్యే పని కాదు, ఆ జోలికి పోకండి. నోటిమాటగా వచ్చిన ప్రతి పనినీ రాతలో పెట్టుకోండి.

ఎలాగంటే, సాయంత్రం ఆరున్నరకి ఫోన్ వస్తుంది. "చిన్న మార్పే, రేపటికి అయిపోవాలి." పేమెంట్ పేజీలో కార్డు రీఫండ్ కూడా కావాలట. వాదించకండి. ఫోన్ పెట్టేయగానే గ్రూప్‌లో ఇలా పెట్టండి: "ఇప్పుడు అనుకున్నట్టు రీఫండ్ పని మొదలుపెడుతున్నాను. టెస్టింగ్ కాకుండా మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. గురువారం ఇవ్వాల్సిన రిపోర్ట్స్ సోమవారానికి వెళ్తాయి. అవే ముందు కావాలంటే ఎనిమిదిలోగా చెప్పండి." ఎత్తిపొడుపు మాటలేవీ వద్దు. ఏది ముందో తేల్చడం ఇక ఆయన పని. జవాబు రాకపోయినా ఆ మెసేజ్‌ని జిరాలో (పనులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) ఆ పని టికెట్‌లో అతికించండి. నెల తర్వాత క్లయింట్ "రిపోర్ట్స్ ఏవి?" అని అడిగినప్పుడు మేనేజర్లకి ఏం గుర్తుంటుందో, ఏం గుర్తుండదో మీకూ తెలిసిందే.

ఎస్టిమేట్ అడిగితే ఒక్క అంకె చెప్పకండి. "బ్యాంకు వాళ్లు టెస్ట్ కీలు (వాళ్ల సిస్టమ్‌తో పరీక్షించుకోడానికి ఇచ్చే కోడ్‌లు) ఇచ్చాక మూడు నుంచి ఐదు రోజులు" అనండి.

మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. హైదరాబాద్ ఆఫీసు క్యాలెండర్‌లో ఆ సెలవు ఉండదు. ఆగస్టులోనే లీవ్ పెట్టి, ఓకే అన్న మాట మెయిల్లో తీసుకోండి. కోట దగ్గర అంత జనంలో నిలబడి, సిస్టమ్ ఆగిపోయిందంటూ వచ్చే ప్రొడక్షన్ కాల్ ఎత్తాల్సిన ఖర్మ పగవాడికి కూడా వద్దు.

పే స్లిప్‌లో పీఎఫ్ కోత కనిపిస్తే సరిపోదు. ఆ నెల డబ్బు కంపెనీ తర్వాతి నెల 15లోగా కట్టాలి. ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూస్తూ ఉండండి. వరసగా రెండు నెలలు పడలేదంటే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, ఆ రోజే రెజ్యూమే సరిచేసుకోండి.

ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, అప్రైజల్ లెటర్లు సొంత మెయిల్లో దాచుకోండి. కంపెనీ కోడ్ మాత్రం ఒక్క లైను కూడా తెచ్చుకోవద్దు. కోపంలో చెప్పాపెట్టకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి వదిలామని కంపెనీ ఇచ్చే కాగితం) దగ్గర ఇరుక్కుంటారు. నోటీస్ పీరియడ్ ఎంతో ముందే చూసుకోండి, మాకైతే 90 రోజులు. కొత్త కంపెనీ వాళ్లకి మొదటి ఫోన్‌లోనే ఆ సంగతి చెప్పేయండి.