ఇంగ్లిష్‌లో 'రన్' ఎదురైతే అర్థం ఎలా తేల్చుకోవాలి?

'రన్' అంటే పరుగెత్తడం. చిన్నప్పుడు నేర్చుకున్న ఈ ఒక్క అర్థాన్నే పట్టుకుని ఇంగ్లిష్ చదవబోతే మాటిమాటికీ తడబడతాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో వచ్చినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ చోటు 'సెట్' అనే మాటకు పట్టింది. ఆ తర్వాత సవరణలు చేస్తూ 2011 నాటికి 'రన్'కు ఒక్క క్రియగానే 645 అర్థాలు లెక్కతేల్చారు. అన్నీ బట్టీ పట్టడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. వాక్యంలో ఏం చూడాలో తెలిస్తే చాలు.

1. కర్తను చూడండి

మనిషో జంతువో అయితే చాలావరకు పరుగే. ముక్కు, కుళాయి, కన్నీళ్లు అయితే కారడం. 'మై నోజ్ ఈజ్ రన్నింగ్' అంటే ముక్కు కారుతోందని. ఉతికిన బట్ట రంగు అయితే దిగడం. నాటకం అయితే ఆడటం, బస్సు అయితే తిరగడం. ఇంజన్ అయితే పనిచేయడం.

2. దేన్ని 'రన్' చేస్తున్నారో చూడండి

'షి రన్స్ ఎ స్కూల్' అంటే ఆమె బడి నడుపుతోంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఇంగ్లిష్‌వాళ్లు పరుగెత్తించే పనిని మనం నడిపిస్తాం! సంస్థను నడుపుతాం, సంసారాన్ని నడుపుతాం, గడియారం నడుస్తోందంటాం, కేసు నడుస్తోందంటాం. అక్కడ పరుగు, ఇక్కడ నడక. రెండిట్లోనూ ఉన్నది ఒక్కటే, ఆగకుండా సాగడం. అందుకే అర్థం తట్టనప్పుడు 'పరుగు' తీసేసి 'నడుచు', 'నడుపు', 'సాగు' పెట్టి చూడండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ఎన్నికల దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అమెరికాలో అభ్యర్థి పదవికి 'రన్' చేస్తాడు, బ్రిటన్‌లో అదే అభ్యర్థి 'స్టాండ్' అవుతాడు. మనమూ ఎన్నికల్లో నిలబడతామనే అంటాం.

3. పక్కనున్న చిన్న మాటను వదలొద్దు

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 'రన్ అవుట్ ఆఫ్' అంటే అయిపోవడం, ఇంట్లో పాలు అయిపోయినట్టు. 'రన్ ఇన్‌టు' వెనక మనిషి ఉంటే అనుకోకుండా ఎదురుపడటం, గోడ ఉంటే గుద్దుకోవడం. 'రన్ ఓవర్' అయితే వాహనం మీదనుంచి పోవడం కావచ్చు, మీటింగ్ అనుకున్న టైమ్ దాటడమూ కావచ్చు. 'రన్' ఒక మాట, 'అవుట్' ఒక మాట అని విడదీస్తే అర్థం దొరకదు. జంటగా చదవండి, జంటగానే రాసుకోండి.

4. ముందు 'ఎ', 'ద' ఉన్నాయేమో చూడండి

ఉంటే అది చాలాసార్లు నామవాచకం. క్రికెట్‌లో పరుగు మనకు తెలిసిందే. 'ఎ రన్ ఆన్ ద బ్యాంక్' అంటే తమ డబ్బు మునిగిపోతుందన్న భయంతో ఖాతాదారులంతా ఒక్కసారిగా తీసుకోవడానికి ఎగబడటం. 'ఇన్ ద లాంగ్ రన్' అంటే పోనుపోను.

5. నిఘంటువును చివర్లో తెరవండి

ముందు మీరే ఒక అర్థం ఊహించండి, తర్వాతే వెతకండి. వెతికేటప్పుడు అర్థాల జాబితా కన్నా ఉదాహరణ వాక్యాల మీద దృష్టి పెట్టండి. మీ వాక్యాన్ని పోలినది కనిపించాక దాని అర్థం చదవండి. నోట్‌బుక్‌లో 'రన్ అంటే ఇది' అని రాయకండి. వాక్యం మొత్తం రాసి, పక్కన మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆ మాటే ఎలా అంటారో రాయండి. రోజుకు రెండు వాక్యాలు చాలు.

ఇప్పుడు ఒకటి ప్రయత్నించండి: 'ద బస్ రన్స్ ఎవ్రీ అవర్, బట్ టుడే ఇట్ ఈజ్ రన్నింగ్ లేట్.' రెండు 'రన్'లున్నాయి, రెండిటికీ కర్త బస్సే. బస్సు గంటకొకటి ఉంటుంది, ఇవాళ మాత్రం లేటుగా నడుస్తోంది. ఎక్కడా పరుగు లేదు.