జూడో తొలి పాఠానికి ముందు జాగ్రత్తలు

జిగోరో కానో 1882లో టోక్యోలో నెలకొల్పిన జూడోలో ఎదుటివారిని పడవేయడం కన్నా ముందు, దెబ్బ తగలకుండా పడడం నేర్పుతారు. దీనినే ఉకెమి అంటారు.

గోళ్లు కత్తిరించుకొని, ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసివేయాలి. మెడ, వెన్ను, మోకాలి బాధలుంటే గురువుకు ముందే చెప్పాలి.

వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీ వైపు వంచి, చూపును నడుము బెల్టు మీద నిలపాలి. లేకపోతే తల వెనుక భాగం నేలకు కొట్టుకునే ప్రమాదం ఉంది. పడుతున్న క్షణంలో ఆపుకోవడానికి అరచేతిని నేలకు ఆనించడం అందరికీ సహజంగా వచ్చే అలవాటే గానీ, మణికట్టు విరగడానికీ మోచేయి తొలగడానికీ అదే దారితీస్తుంది కనుక, చేతిని ఒంటికి కొంచెం ఎడంగా చాపి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి చాపను చరచాలి. దీనిని మొదట పడుకొని, తరువాత కూర్చుని, గొంతుక్కూర్చుని, చివరకు నిలబడి సాధన చేయాలి. ఈ వరుస విసుగు పుట్టిస్తుంది, అయినా దాటవేయరాదు.

పట్టు బిగిసినప్పుడు జతగాడి ఒంటిని గానీ చాపను గానీ రెండుసార్లు తట్టాలి. తట్టిన వెంటనే అవతలివారు వదిలివేయాలి. మెడ పట్టులో కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు కాబట్టి ఓర్పును పరీక్షించుకోవడానికి అది తగిన చోటు కాదు. సిమెంటు నేల మీద, గురువు లేకుండా, వీడియో చూసి పడవేతలు ప్రయత్నించకూడదు.