కోనలో ఈతకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

తిరుపతి చుట్టుపక్కల ఎండాకాలం ఈత అంటే తలకోన, కైలాసకోన, ఉబ్బలమడుగు గుర్తొస్తాయి. బయలుదేరే ముందు రోజే అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి, లోపలికి వదులుతున్నారో లేదో అడగండి. తలకోన ఉన్నది శేషాచలంలో, ఎర్రచందనం అడవి. అనుమతి లేని దారిలో వెళ్తే కేసు పెడతారు.

మడుగు లోతు పైనుంచి చూస్తే తెలియదు. నీళ్లు తేటగా ఉంటే అడుగున రాయి మోకాలి లోతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది, దిగితే తల మునుగుతుంది. పొడవాటి కర్రతో అంచు నుంచి లోతు చూసుకుంటూ మెల్లగా దిగండి. బండ మీద నుంచి తలకిందులుగా దూకడం మాత్రం వద్దే వద్దు. రాతికి తల తగిలితే మెడ విరుగుతుంది.

పాచి పట్టిన బండ నల్లగా, నున్నగా మెరుస్తుంటుంది. దాని మీద కాలు పెట్టకండి.

కొండ మీద ఉరుము వినబడినా, తేట నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారి ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కండి. మనకు ఎండ కాస్తున్నా పైన వాన పడి ఉండొచ్చు.

ఈత వచ్చినవాళ్లు ఒకరు గట్టు మీదే ఉండాలి. గాలి నింపిన ట్యూబు, గట్టి తాడు వెంట ఉంచుకోండి. ఎవరైనా మునుగుతుంటే దూకేయకండి, తాడో పంచో విసరండి. మందు తాగినవాళ్లను నీళ్లలోకి దిగనివ్వకండి, ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే.

లోపల సిగ్నల్ దొరకదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.