పాత లెన్స్‌కి ట్యూబ్ పెడితే ఫోటో పాలిపోతోందా? లెన్స్ విప్పే ముందు ఇది చూడండి

ట్యూబ్ అంటే దగ్గరి ఫోటోల కోసం లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం. ముందు ఒక్క పని చేయండి. లెన్స్ ముందు నుంచి లోపలికి చూస్తూ అపర్చర్ (వెలుగు వెళ్లే రంధ్రం) రింగ్‌ని 11 దాకా తిప్పండి. బ్లేడ్లు మూసుకుంటున్నాయా? చాలామంది ఇది చూడకుండానే ట్యూబ్ బాగాలేదని వెనక్కి పంపేస్తారు. ఎం42 (పాత స్క్రూ మౌంట్) లెన్సుల్లో చాలావాటికి ఏ/ఎం (ఆటో/మాన్యువల్) మీట ఉంటుంది. అది ఏ మీద ఉంటే వెనక పిన్ను నొక్కుకుంటే తప్ప బ్లేడ్లు కదలవు, దాన్ని నొక్కే అంచు లేని ట్యూబ్ వేస్తే రింగ్ ఎంత తిప్పినా అపర్చర్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. చీమ కన్ను తప్ప మిగతాదంతా మసకగా వస్తోందంటే ముందు మీట ఎం వైపు జరపండి. హీలియోస్ 44-2 లాంటి ప్రీసెట్ (ఒక రింగ్‌తో అపర్చర్ ఎంచి, రెండో దానితో మూసే) లెన్సులకు మీట ఉండదు, రెండు రింగులూ తిప్పాలి.

ఇక అసలు సమస్య. దూరం ఫోటోలు బాగుంటాయి, హెలికాయిడ్ (తిప్పితే సాగే ట్యూబ్) సాగదీసి మందార కేసరాల మీద ఫోకస్ చేస్తే మాత్రం నలుపు బూడిదరంగులోకి పోయి, మధ్యలో పొగ పట్టినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అపర్చర్ మూసేకొద్దీ ఆ మచ్చ ఇంకా తేటపడుతుంది. నేను ఫంగస్ అనుకుని లెన్స్ విప్పించి, డబ్బులు పెట్టి శుభ్రం చేయించాను. తిరిగొచ్చాక అదే మచ్చ, అదే చోట.

తప్పు ట్యూబ్ లోపలి గోడది. లెన్స్‌ని ముందుకు జరిపేకొద్దీ అది వేసే బొమ్మ వలయం పెద్దదవుతుంది, 50 ఎం.ఎం. లెన్స్‌ని 50 ఎం.ఎం. జరిపి ఒకటికి ఒకటి సైజు (వస్తువు ఎంతుంటే సెన్సార్ మీద బొమ్మ అంతే) తీస్తే ఆ వలయం వ్యాసం రెట్టింపు. సెన్సార్‌కి కావాల్సింది అందులో కొంతే. మిగిలిన వెలుగు గోడలకు తగిలి సెన్సార్ మీదకు వస్తుంది. నల్ల రంగు వేశారు కదా అనుకోకండి, లెన్స్‌తో సహా ట్యూబ్ ఊడదీసి, లెన్స్ ముందుభాగం కిటికీ వైపు పెట్టి వెనక నుంచి కాస్త ఏటవాలుగా చూడండి. గోడ కొత్త స్టీలు గ్లాసులా మెరుస్తుంటే దొంగ దొరికినట్టే. దూరం ఫోటోల్లో కూడా పొగ ఉంటే అప్పుడు లెన్స్‌ని అనుమానించండి.

మందు సులభం: వెనక జిగురున్న నల్ల వెల్వెట్ షీటు. మామూలు నల్ల చార్ట్ ఏటవాలు వెలుగులో మెరుస్తుంది, అది వద్దు. హెలికాయిడ్ పూర్తిగా ముడిచినప్పుడు ఉండే పొడవు కొలిచి, అంతకన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ కత్తిరించి, కదలని భాగానికే అంటించండి, జారే చోట అంటిస్తే పోగులు మరల్లోకి పోతాయి. అంచులు గట్టిగా నొక్కి, బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే కెమెరాకి పెట్టండి. నా ట్యూబ్‌లో అదే లెన్స్‌తో అదే మందార మళ్లీ తీస్తే నీడలు నల్లగా వచ్చాయి. లెన్స్ ముందు ఒక హుడ్ (పక్క వెలుగును ఆపే తొడుగు) కూడా తగిలిస్తే ఇంకా మేలు.

మిగతావి చిన్నవి. ఒకటికి ఒకటి సైజులో ఫోటో చీకటిగా వస్తే అది లోపం కాదు, రెండు స్టాపుల వెలుగు తగ్గుతుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది. షట్టర్ పడకపోతే మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడే సెట్టింగ్ ఆన్ చేయండి. 28 ఎం.ఎం. లెన్స్ పెడితే పువ్వు అద్దానికి తగిలేంత దగ్గరకు వస్తుంది, 50 లేదా అంతకు మించినది వాడండి. కెమెరా కిందికి వంచితే హెలికాయిడ్ జారుతుంటే ఒక టేప్ ముక్క చాలు.