కాపర్ థాలోసయనిన్ బిళ్లలో కనిపించిన అధిక డైఎలెక్ట్రిక్ విలువ: నా అనుభవం

కాపర్ థాలోసయనిన్ (రాగి ఉన్న ఒక నీలి సేంద్రియ వర్ణకం) అణువు చదునుగా, మధ్యలోని రాగి అయాను చుట్టూ నాలుగు వైపులా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దానికి శాశ్వత ద్విధ్రువ భ్రామకం (అణువులో ధన, రుణ ఆవేశాలు ఎంత వేరుపడి ఉన్నాయో తెలిపే కొలత) ఉండదు. వనాడిల్ థాలోసయనిన్‌లో వనాడియం వలయ తలం నుంచి పైకి లేచి ఆక్సిజన్‌తో బంధించి ఉంటుంది కనుక ఆ అణువుకు ద్విధ్రువ భ్రామకం ఉంటుంది. రెండో పదార్థానికే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా ధ్రువణం చెందుతుందో తెలిపే సంఖ్య) ఎక్కువ రావాలని ఆశించిన నాకు, పొడులను నొక్కి చేసిన బిళ్లల్లో 100 హెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద కాపర్ థాలోసయనిన్ బిళ్లే ఎక్కువ విలువ చూపడం, పౌనఃపున్యం పెంచగానే అది వేగంగా పడిపోవడం కలవరం కలిగించాయి.

ఆ పతనమే నాకు దారి చూపింది. అంత నెమ్మదిగా స్పందించేవి అణువులోని ఎలక్ట్రాన్లు కావు. బిళ్ల రేణువుల మధ్య చేరిన తేమ, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకోవడం వల్ల పెరిగిన ఆవేశ వాహకాలు రేణువుల అంచుల వద్ద పేరుకుని కెపాసిటెన్స్‌ను (ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యాన్ని), దానితో పాటే లెక్కకు వచ్చే డైఎలెక్ట్రిక్ విలువను పెంచుతాయి. బిళ్లలను 120 డిగ్రీల సెల్సియస్ వద్ద శూన్యంలో రాత్రంతా ఆరబెట్టి, రెండు ముఖాలకూ వెండి పూత వేసి, పొడి నైట్రోజన్‌లో మళ్లీ కొలిచాను. తక్కువ పౌనఃపున్యాల వద్ద కనిపించిన అదనపు విలువ చాలావరకు పోయింది, నష్ట గుణకమూ (వేడిగా వృథా అయ్యే శక్తిని తెలిపే కొలత) తగ్గింది.

అయినా రెండింటి మధ్య తేడా నేను ఊహించినంత పెద్దది కాలేదు. వనాడిల్ సమ్మేళనపు సాధారణ త్రినతాక్ష (ట్రైక్లినిక్, మూడు అక్షాలూ ఒకదానికొకటి వాలుగా ఉండే) స్ఫటికంలో పొరుగు అణువులు ఎదురెదురు దిశల్లో అమరి ద్విధ్రువాలను రద్దు చేస్తాయని, బిగుసుకున్న ఆ అమరికలో అవి క్షేత్రానికి అనుగుణంగా తిరగలేవని ఆ తర్వాతే గ్రహించాను.